కొన్న ఆటకు గడువేదో ముందే చెప్పాలి

సంపాదకులు గారికి,

మా పలాసలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఇంటర్నెట్ పోతుంది. మొన్నటి వానకు అలాగే పోయినప్పుడు మా అబ్బాయి డబ్బు పెట్టి కొన్న వీడియో గేమ్ తెరుచుకోలేదు. అది ఒక్కడే ఆడుకునే ఆట. కరెంటు ఉంది, ఆట మొత్తం కంప్యూటర్లోనే ఉంది. అయినా సర్వర్ (కంపెనీ దగ్గరుండే కంప్యూటర్) అందడం లేదని తెర మీద ఒక్క ముక్క చెప్పి మొరాయించింది.

సర్వర్ ఒప్పుకుంటేనే ఆట తెరుచుకునేలా వేసిన ఈ తాళం దొంగ కాపీలను అరికట్టడానికేనని కంపెనీల వాదన. తాళం ఊడబెరికిన కాపీ సంపాదించినవాడు హాయిగా ఆడుకుంటాడు. తిప్పలన్నీ బిల్లు కట్టినవాడికే!

సర్వర్ మూసేస్తే అసలుకే ఎసరు. యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2014లో తెచ్చిన 'ది క్రూ' అనే కార్ల పందెం ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు కొని బీరువాలో దాచుకున్నవారికి కూడా అది మళ్లీ నడవలేదు.

ఇలాంటి సరుకును 'కొనండి' అంటూ అమ్మేటప్పుడు, ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలనే చట్టం కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా సరుకు నాణ్యత, పరిమాణం, ధర తెలుసుకునే హక్కు ఇచ్చింది. బిస్కెట్ పొట్లం మీద కూడా గడువు తేదీ ఉంటుంది కదా! ఇంటర్నెట్ లేకుంటే ఆట నడవదని, సర్వర్ కనీసం ఎన్నేళ్లు ఉంచుతారో అమ్మేచోటే పెద్ద అక్షరాలతో రాసేలా కేంద్రం నిబంధన తేవాలి. మూసేసే ముందు తాళం తీసిన ఆటను కొన్నవారికి ఇప్పించాలి.

— ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా