రౌటర్ ఎందుకు పడిపోతోందో ముందు తేల్చు

డబ్లిన్

చిరంజీవి తమ్ముడికి, అన్నయ్య ఆశీస్సులు.

వీడియో కాల్‌లో చెబుదామంటే సగంలోనే మీ వైఫై పోతోంది, అందుకే రాస్తున్నాను. రౌటర్‌ని అప్పుడే రీసెట్ చేయకు, కొత్త ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కూడా ఎక్కించకు. ఆ పని చేస్తే జాడలు చెరిగిపోతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మన రౌటర్‌లో నడిచేది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి (OpenWrt) అనే లినక్స్ సాఫ్ట్‌వేర్. వైఫై చిప్పు ఒక్కటే పడిపోయినా, కెర్నెల్ (ఆ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రామ్) మొత్తం కూలినా, కరెంటు చాలక రౌటర్ ఆగి లేచినా ఇంట్లోవాళ్లకి కనిపించేది ఒక్కటే: నెట్ పోయింది. తేడా చెప్పేది అప్‌టైమ్, అంటే రౌటర్ చివరిసారి లేచాక గడిచిన సమయం. నెట్ తిరిగి రాగానే బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, స్టేటస్‌లో ఓవర్‌వ్యూ చూడు.

అప్‌టైమ్ రోజుల్లో ఉంటే రౌటర్ రీబూట్ కాలేదన్నమాట. వైర్‌తో ఉన్న టీవీ ఆడుతూనే ఉండి ఫోన్లకే నెట్ పోయిందంటే వైఫై చిప్పు మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది. కెర్నెల్ లాగ్‌లో (కెర్నెల్ రాసుకునే చిట్టాలో) ‘ఏటీహెచ్10కె’ (ath10k, ఆ చిప్పు డ్రైవర్) పేరుతో ‘ఫర్మ్‌వేర్ క్రాష్డ్’ అన్న లైను వెతుకు. దొరికితే మందు తేలికే. ఆ చిప్పుకి డ్రైవరూ ఫర్మ్‌వేరూ రెండు జతలుగా దొరుకుతాయి, మామూలు జత ఒకటి, ‘సీటీ’ (ct) జత ఒకటి. ఇప్పుడున్న జత తీసేసి రెండోది పెట్టు. ఒక జత డ్రైవరుకి రెండో జత ఫర్మ్‌వేర్ తగిలించకు. కొత్త ప్యాకేజీలు ముందే దించుకుని, ల్యాన్ వైరు మీద కూర్చుని చెయ్యి. పాతది తీయగానే వైఫై పోతుంది కదా.

అప్‌టైమ్ నిమిషాల్లో ఉంటేనే అసలు పని. లాగ్ ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి రీబూట్‌తో పోతుంది. సిస్టమ్ మెనూలో సిస్టమ్, అందులో లాగింగ్ ట్యాబ్ తెరిచి, ఎక్స్‌టర్నల్ లాగ్ సర్వర్ దగ్గర పాత ల్యాప్‌టాప్ ఐపీ ఇవ్వు, పోర్టు 514. ల్యాప్‌టాప్‌లో ఆర్‌సిస్‌లాగ్ (rsyslog) అనే లాగ్ అందుకునే ప్రోగ్రామ్ ఆ పోర్టులో యూడీపీ పద్ధతిలో వింటుంటే చాలు. ఆ లాగ్‌లో తేదీ ఒక్కసారి వెనక్కి పోయి మళ్లీ ముందుకి దూకితే కంగారు పడకు. రౌటర్‌లో గడియారానికి బ్యాటరీ ఉండదు, నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా అంతే. ఆ దూకిన చోటే రీబూట్ అయింది.

దానికి ముందు ‘అవుట్ ఆఫ్ మెమరీ’ కనిపిస్తే ప్రకటనలు ఆపే యాడ్‌బ్లాక్ లిస్టులు తగ్గించు. 64 ఎంబీ ర్యామ్ రౌటర్లలో పెద్ద లిస్టులు పెడితే అదే జరుగుతుంది.

అయితే కెర్నెల్ కూలే క్షణంలో రాసే మాటలు నెట్‌వర్క్ దాటి ల్యాప్‌టాప్‌కి చేరవు. వాటిని పంపాల్సిన ప్రోగ్రామ్ కూడా కెర్నెల్‌తోపాటే పోతుంది. వాటికోసం ఎస్‌ఎస్‌హెచ్‌తో (ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి కమాండ్లు ఇచ్చే దారి) లోపలికి వెళ్లి ‘సిస్’ లోపల ‘ఎఫ్‌ఎస్’, దాని లోపల ‘పీస్టోర్’ ఫోల్డర్ (/sys/fs/pstore) చూడు. అక్కడ ‘డీమెసేజ్-ర్యామ్ఊప్స్’ (dmesg-ramoops) పేరుతో ఫైలు ఉంటే కెర్నెల్ కూలినట్టే. అది కూడా ర్యామ్‌లో ఒక మూలన దాచినదే. కెర్నెల్ కూలాక 3 సెకన్లకి రౌటర్ తనంతట తాను లేస్తుంది, అప్పుడు ఫైలు బతికే ఉంటుంది. ప్లగ్ పీకితే పోతుంది. కాబట్టి నాన్నకి మరీ మరీ చెప్పు, నెట్ పోగానే స్విచ్ ఆపి వేసే అలవాటు కొన్నాళ్లు మానుకోమని.

ఫోల్డర్ ఖాళీగా ఉంటే కరెంటు తప్పేనని వెంటనే తేల్చేయకు. కొన్ని మోడల్స్‌లో ఈ సౌకర్యమే ఉండదు. ఎవరూ నెట్ వాడని వేళ చూసి, ‘ప్రాక్’ లోని ‘సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్’ ఫైలుకి చిన్న ‘సి’ అక్షరం ఎకో కమాండ్‌తో రాయి (echo c > /proc/sysrq-trigger). కెర్నెల్ అక్కడికక్కడే కూలుతుంది. లేచాక ఫోల్డర్‌లో ఫైలు ఉంటే మన మోడల్ దాస్తుందన్నమాట. ఆ తర్వాత ఎప్పుడైనా రౌటర్ రీబూటై, ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే అప్పుడు కరెంటు అడాప్టర్‌ని అనుమానించు.

అడాప్టర్ మీద వోల్టులు రౌటర్ లేబుల్‌తో సరిగ్గా కలవాలి, యాంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తగ్గకూడదు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టర్‌ని విడిగా మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టులు బాగానే చూపిస్తుంది, లోడు పడ్డాకే జారిపోతుంది. అందుకే మీటర్‌ని నమ్మకుండా వేరే అడాప్టర్ పెట్టి చూడటమే మేలు. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే ముందు అది తీసెయ్. ఇన్వర్టర్ కూడా చూడు: కరెంటు పోయిన క్షణాలకీ రీబూట్ టైములకీ పొంతన కుదిరితే, ఇన్వర్టర్ వెనక స్విచ్‌ని నార్మల్ నుంచి యూపీఎస్ మోడ్‌కి మార్చు.

వీటితో తేలక, రౌటర్ లోపలి పిన్నులకి తగిలించి కెర్నెల్ మాటలు నేరుగా ల్యాప్‌టాప్‌లో చదివే సీరియల్ కేబుల్ దాకా పోవాల్సి వస్తే 3.3 వోల్టులదే కొను. స్పీడు సాధారణంగా 115200. గ్రౌండ్, టీఎక్స్ (పంపే పిన్ను), ఆర్ఎక్స్ (అందుకునే పిన్ను) మూడే కలుపు, వీసీసీ (కరెంటు పిన్ను) ముట్టుకోకు. ఒకవైపు టీఎక్స్ రెండోవైపు ఆర్ఎక్స్‌కి వెళ్లాలి.

పీస్టోర్ ఫైలు దొరికితే స్క్రీన్ ఫొటో తీసి పంపకురా, ఫైలే పంపు. ‘కాల్ ట్రేస్’ పైనున్న లైన్లే నాకు ముఖ్యం, ఫొటోలో ఎప్పుడూ అవే తెగిపోతాయి. దాంతోపాటు రౌటర్ అడుగున లేబుల్ మీదున్న మోడల్, వెర్షన్ నంబరు కూడా రాయి.

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అన్నయ్య