శిక్షణ ఉచితమేనట, బిల్లు మాత్రం తర్వాత

సంపాదకుడు గారికి,

ఫ్రాంచైజీల మీద, అంటే ఒక కంపెనీకి ఫీజు కట్టి దాని పేరుతో, దాని పద్ధతిలో మనం షాపు పెట్టుకోవడం మీద, గతవారం మీ బిజినెస్ పేజీలో వేసింది వ్యాసమో ప్రకటనో ఇప్పటికీ అర్థం కాలేదు. ‘అనుభవం అక్కర్లేదు, శిక్షణంతా కంపెనీయే చూసుకుంటుంది’ అని పెద్దక్షరాల్లో వేశారు. చూసుకుంటుంది, కాదనను. డబ్బు ఎవరు కట్టాలో మాత్రం ఒక్క ముక్కా రాయలేదు.

ఫ్రాంచైజీ ఫీజులో కలిపి ఇచ్చే శిక్షణ సాధారణంగా షాపు యజమానికీ, ఒక మేనేజరుకీ. మూడో మనిషిని పంపితే తలకింతని వసూలు చేస్తారు. రానుపోను ఖర్చులు, బస, భోజనం, ఆ రోజుల జీతాలు యజమాని నెత్తినే. తీరా నేర్చుకున్న మేనేజరు ఆరు నెలలకే మానేశాడనుకోండి, కొత్తవాడికి మళ్లీ శిక్షణ, మళ్లీ ఫీజు. అదీ సంతకం పెట్టిన నాటి రేటు కాదు, ‘అప్పటికి అమల్లో ఉన్న రేటు’. ఒప్పందంలో ఆ మాట ఎక్కడుందో వెతికి, ఏడాదికి ఇంత శాతం మించి పెంచకూడదని రాయించుకోకపోతే ఒప్పందం ఉన్నన్నాళ్లూ వాళ్లు చెప్పిందే రేటు.

ఇవి కాక రిఫ్రెషర్ కోర్సులు, వార్షిక సమావేశాలు. వెళ్లకపోయినా ఫీజు కట్టమనే ఒప్పందాలున్నాయి! ఆన్‌లైన్ పాఠాల చందా ‘టెక్నాలజీ ఫీజు’ పద్దులో దూరుతుంది. కంపెనీ చేసే తనిఖీలో షాపుకు మార్కులు తగ్గితే ట్రైనరు దిగుతాడు, ఆయనకు రోజుకింత. విసిగి అమ్మేద్దామన్నా బదిలీ ఫీజు ఒకటి, కొన్నవాడి శిక్షణకు ఇంకొకటి.

అన్నిటికన్నా ప్రమాదం శిక్షణలో ఫెయిలైతే. చాలా ఒప్పందాల్లో కంపెనీ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు, కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వనక్కర్లేదు. పాసో ఫెయిలో తేల్చేదీ వాళ్లే. అప్పటికే షాపు లీజు రాసేసుకుంటే అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే శిక్షణ పూర్తయ్యాకే లీజు మొదలయ్యేలా చూసుకోవాలి. రెండో అవకాశం, ఫీజులో కొంతైనా వాపసు అన్న షరతులు సంతకానికి ముందే అడగాలి. తర్వాత అడిగితే నవ్వుతారు.

అమెరికాలో 1979 నుంచే ఫ్రాంచైజీలు అమ్మే కంపెనీలకు ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) నిబంధన ఉంది, 2007లో సవరించారు. సంతకానికో, డబ్బు కట్టడానికో కనీసం 14 రోజుల ముందు కంపెనీ 23 అంశాల వివరాల పత్రం కొనేవాడి చేతికివ్వాలి. ఆరో అంశంలో తర్వాత పడే ఫీజులన్నీ పట్టికగా ఉండాలి. పదకొండో అంశంలో ఏ విషయం క్లాసులో ఎన్ని గంటలు, పని మీద ఎన్ని గంటలు, ఎక్కడ నేర్పుతారో చెప్పాలి. అలాగని అక్కడంతా సవ్యమని కాదు. రాసిచ్చిన ఫీజు తక్కువో ఎక్కువో ఆ నిబంధన పట్టించుకోదు. కానీ దాచిపెట్టే వీలు తగ్గుతుంది. అలాంటి చట్టం లేని చోట మామూలు కాంట్రాక్టు చట్టమే దిక్కు, మోసపోయాక కోర్టు మెట్లెక్కడమే. అధికారులు మాత్రం ‘స్వయం ఉపాధి’ సభల్లో ఇవే కంపెనీల స్టాళ్లకు రిబ్బన్లు కత్తిరిస్తారు. ఒక్క ఒప్పందం కాగితమైనా తిప్పి చూస్తారా అంటే, వాళ్లకు ఫొటో అయిపోతే చాలు.

మీ విలేకరులు ఈసారి ఫ్రాంచైజీ గురించి రాసేముందు కంపెనీని అడగాల్సినవి రెండే: మేనేజరు మారితే శిక్షణకు ఎంత, ఫెయిలైతే వాపసు ఎంత. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు