ఫోన్ టైమ్ ఐదు నిమిషాలు ముందుంటే

డల్లాస్

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందన్నారు, సంతోషం.

కొత్త టాబ్‌లో మీ గూగుల్ అకౌంటు తెరుచుకోక మీరు పడ్డ టెన్షన్ చూశాక, ఫోన్‌లో చెప్తే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి దగ్గర పెట్టుకోండి.

పాస్‌వర్డ్ మీరు సరిగ్గానే కొట్టారు. పాత ఫోన్‌లో లాగిన్ కోడ్లు చూపించే అథెంటికేటర్ యాప్‌లోని ఆరంకెలూ సరిగ్గానే కొట్టారు. అయినా తప్పు కోడ్ అంది. అమ్మ ఫోన్‌లోంచి వీడియో కాల్ చేసి మీ ఫోన్ చూపించినప్పుడు నాకు అసలు సంగతి కనబడింది. మీ ఫోన్‌లో 8:05. నా ఫోన్‌లో పెట్టుకున్న ఇండియా టైమ్ సరిగ్గా ఎనిమిది. రైలు తప్పిపోకూడదని ఉద్యోగం చేసినన్నాళ్లూ మీరు వాచీని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు కదా, ఫోన్‌కీ అదే అలవాటు చేశారు.

ఆ యాప్‌లో కోడ్ ఎవరో పంపితే వచ్చేది కాదు నాన్నా. మొదట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన రోజే ఒక రహస్య సంఖ్య మీ ఫోన్‌లోనూ, గూగుల్ దగ్గరా ఉండిపోయింది. ఆ సంఖ్యనీ, అప్పటి టైమునీ కలిపి రెండుచోట్లా విడివిడిగా లెక్క కడతారు. 30 సెకన్లకోసారి కొత్త అంకెలు. రెండు లెక్కలూ కలిస్తేనే లోపలికి రానిస్తుంది. అందుకే నెట్ లేకపోయినా కోడ్ కనబడుతుంది, టైమ్ తేడా ఉంటే మాత్రం చెల్లదు. కొద్ది సెకన్ల తేడా అయితే సర్దుకుంటుంది. ఐదు నిమిషాలు ముందుంటే మీ ఫోన్ చూపించేది ఇంకా పుట్టని కోడ్.

సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దగ్గరికి వెళ్లి ఆటోమేటిక్ అన్నది ఆన్ చేయండి. హాల్లో గోడ గడియారం ఎప్పటిలాగే ముందుండనివ్వండి, దానితో ఇబ్బంది లేదు. ఆ యాప్‌లో అమ్మ అకౌంటు కూడా ఉంది కాబట్టి పైనున్న పేరు చూసి మీ అంకెలే తీసుకోండి. టైమ్ అయిపోవస్తుంటే ఆగి, కొత్తది రాగానే కొట్టండి. హడావిడి వద్దు.

మెసేజ్‌లో వచ్చే కోడ్ సంగతి వేరు. రాలేదని వెంటవెంటనే మళ్లీ పంపమని నొక్కకండి. నాలుగు మెసేజ్‌లు ఒకేసారి వచ్చి పడితే ఏది కొత్తదో తెలియదు. చివర వచ్చినదే కొట్టండి. సిమ్ మార్పించుకుంటే మాత్రం మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు. అది మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన, కంగారు పడకండి.

టాబ్‌లో లోపలికి వెళ్లాక ముందు చేయాల్సిన పని బ్యాకప్ కోడ్లు తీసుకోవడం. అకౌంటులో సెక్యూరిటీ దగ్గర ఉంటాయి. 10 కోడ్లు, ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయినా, పాడైనా ఇవే ఆధారం. కాగితం మీద రాసి బీరువాలో ఎల్ఐసీ బాండ్ల దగ్గర పెట్టండి. ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే, ఆ ఫోన్ పోయినప్పుడు అవీ పోతాయి. ఇదంతా అయ్యేదాకా పాత ఫోన్ ఎక్స్ఛేంజికి ఇవ్వొద్దు. షాపువాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

ఇంకొకటి, దీని గురించే నాకు ఎక్కువ భయం. మీరు ఎక్కడా లాగిన్ అవకుండానే, లాగిన్ అవుతున్నది మీరేనా అని ఫోన్ అడిగితే, కాదు అని నొక్కండి. కోడ్ చెప్పమని ఎవరడిగినా చెప్పొద్దు, బ్యాంకు అన్నా, పోలీసు అన్నా. నా గొంతుతో అడిగినా చెప్పొద్దు, ఇప్పుడు గొంతులు కూడా తయారుచేస్తున్నారు. ఫోన్ పెట్టేసి నా నంబరుకి మీరే చేయండి. నేను నిద్రలో ఉన్నానని మొహమాటపడకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక బాబు ఫోటోలు పెద్ద తెర మీద చూసుకుందామని టాబ్ కొనుక్కున్నారు, అవి మీకు తొందరగా అందాలని నాకూ ఆత్రంగా ఉంది. ఆదివారం పొద్దున్న మీకు ఎనిమిదింటికి, అంటే మాకు శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, వీడియో కాల్ చేస్తాను. టాబ్, పాత ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచండి. కాగితం, పెన్ను తీసుకుని అమ్మని కూడా పక్కన కూర్చోమనండి, తన కోడ్లు కూడా అప్పుడే రాసేద్దాం.

మీ అమ్మాయి