అంగుళాల పందెం తీసేశాం: మెట్రిక్ పాఠాలు వాడుతున్న మీ అందరికీ

మీ కార్మికులకు మెట్రిక్ కొలతలు నేర్పడానికి మా ఆటల పాఠాలు తీసుకున్న సంస్థలన్నిటికీ ఈ ఉత్తరం. ఈ నెల రావాల్సిన రెండో భాగం రాలేదు. వచ్చే నెల వస్తుంది, కానీ ముందు మీకు చూపించిన రూపంలో కాదు. అంగుళాలను గబగబా మిల్లీమీటర్లలోకి మార్చే పందెం అందులో ఉండదు. ఎవరు ముందు, ఎవరు వెనక అని చూపించే పట్టిక కూడా ఉండదు. ఆలస్యమైనన్ని రోజులూ మీ చందా గడువు పెంచుతున్నాం. దానికి మీరు చేయాల్సిందేమీ లేదు.

పాఠం మాది, ప్రోగ్రామింగ్ బయటి సంస్థది. వాళ్లు పంపిన ఆటలో అంగుళానికి 25 మిల్లీమీటర్లు అని పెట్టారు. అంగుళం అంటే సరిగ్గా 25.4. అమెరికా, బ్రిటన్ సహా ఆరు దేశాలు 1959లో ఒప్పందం చేసుకుని ఖాయం చేసిన అంకె అది. ఇదేంటని అడిగితే, ‘ఆటే కదండీ, లెక్క తేలిగ్గా ఉండాలి’ అన్నారు. పది అడుగుల పైపు తీసుకోండి. 3048 మిల్లీమీటర్లు రావాల్సిన చోట 3000 వస్తుంది. 48 మిల్లీమీటర్లు పొట్టిగా కోసేసిన పైపును ఎన్ని మార్కులొచ్చినా అతికించలేం.

సరే, అంకె దిద్దించొచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండోది. తెర మీద స్కేలు బొమ్మ వేశారు, కానీ ఫోను మారితే దాని సైజూ మారిపోతోంది. చిన్న ఫోనులో పది మిల్లీమీటర్ల గీత నిజానికి పదికి తక్కువ, పెద్ద ఫోనులో ఎక్కువ. ఇలా అవుతుందని తెలిసే, మేం రాసిచ్చిన పత్రంలో మొదటి పేజీలోనే చెప్పాం: ఆట మొదలవగానే బ్యాంకు కార్డును తెరకు ఆనించి, తెర మీది గీతలను కార్డు అంచులకు సరిపెట్టమని అడగాలి అని. ఏ దేశంలోనైనా బ్యాంకు కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు దాదాపు 54. అంతర్జాతీయ ప్రమాణం అది. ఆ ఒక్క పని చేస్తే ఏ ఫోనులోనైనా స్కేలు సరిగ్గా కనిపిస్తుంది. ఆడేవాళ్లకు విసుగొస్తుందని ఆ మెట్టు మమ్మల్ని అడక్కుండానే తీసేశారు. కొలతలు నేర్పడమే మా పని. మా పేరుతో తప్పు స్కేలు మీ వర్క్‌షాపుల్లోకి వెళ్లబోయిందన్న కోపం నాకింకా తగ్గలేదు. ఆ సంస్థతో పని ఆపేశాం.

ఆ రెండూ సరిచేసి పందెం ఆటనే ఇచ్చేయమని మీలో చాలామంది అడిగారు. మా వాళ్లూ అదే అన్నారు. ఖర్చు తక్కువ, ఆలస్యం తక్కువ. ఎన్నో రాత్రులు ఇదే ఆలోచించాను. చివరికి వద్దనే అనుకున్నాను. అంగుళాల్లో ఊహించుకుని, మనసులో గుణించి మిల్లీమీటర్లు చెప్పే మనిషికి తప్పు జరిగేది ఆ గుణకారం దగ్గరే. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానానికి ఇంధనం లెక్కేసినవాళ్లు తక్కువ చదువుకున్నవాళ్లేం కాదు. లీటరుకు ఎన్ని కిలోలో వాడాల్సిన చోట ఎన్ని పౌండ్లో వాడారు, అంటే 0.8 బదులు 1.77. ఇంధనం సగానికన్నా తక్కువ ఎక్కింది, ఇంజిన్లు గాల్లోనే ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల కెనడాలోని గిమ్లీ అనే ఊళ్లో ఉన్న పాత వైమానిక స్థావరంలో దిగి అందరూ బతికారు. గుణకారం వేగంగా చేయడం నేర్పితే ఇలాంటి తప్పులు ఆగవు.

అందుకే కొత్త ఆటలో అంగుళం మాటే రాదు. తెర మీద ఒక సందు కనిపిస్తుంది, అది ఎన్ని మిల్లీమీటర్లో కంటితో అంచనా వేయాలి. తర్వాత బల్ల మీదున్న నిజమైన వస్తువును టేపుతోనో కాలిపర్‌తోనో కొలిచి, వచ్చింది నమోదు చేయాలి. సెంటీమీటర్లు వాడం. డ్రాయింగుల్లో ఉండేవి మిల్లీమీటర్లే కాబట్టి, రెండూ కలిపి నేర్పితే పదింతల తప్పులొస్తాయి. పాత అంగుళాల యంత్రాలున్నవాళ్లకు గోడకు అంటించుకునే మార్పిడి పట్టిక విడిగా ఇస్తాం. అరంగుళం బోల్టు 12.7 మిల్లీమీటర్లని, దాని బదులు ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు, పెట్టకూడదని అందులో పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

గడియారం, మార్కుల పట్టిక లేకపోతే ఎవరూ ఆడరని కొందరు సూపర్‌వైజర్లు అన్నారు. ఏళ్ల తరబడి చేయి తిరిగిన ఫిట్టర్ పేరు, నిన్న చేరిన కుర్రాడి పేరు కింద అందరి ముందూ కనిపిస్తే ఆయన మళ్లీ ఆ ఆట తెరవడు. ముందుగా నేర్చుకోవాల్సింది ఆయనే, ఎందుకంటే మిగతావాళ్లు ఆయన్ని చూసే చేస్తారు. ఎవరికి ఏ కొలత దగ్గర ఇబ్బందో మీకు విడిగా తెలుస్తుంది, అది చాలు.

ఇది నచ్చనివాళ్లు మిగిలిన చందా వెనక్కి తీసుకోవచ్చు, కారణం అడగం. కార్డు ఆనించే మెట్టును దాటేసే బటన్ మాత్రం ఎవరడిగినా పెట్టం.