బలాల పాఠం నిర్వచనాలతో మొదలుకావద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న బలాల రకాలన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది గానీ, బల్లపై ఉన్న పుస్తకం మీద ఏ బలాలు పనిచేస్తున్నాయని అడిగితే, 'అది కదలడం లేదు కదా, ఏమీ లేవు' అంది. భూమి కిందికి లాగే గురుత్వాకర్షణ బలమూ, బల్ల పైకి నెట్టే అభిలంబ బలమూ సమానమై ఫలిత బలం సున్నా అయినందువల్లే పుస్తకం నిలకడగా ఉందన్నది పాఠానికి ప్రాణం. అదే ఆమెకు అందలేదు.

గుంటూరు పిల్లలకు ఈ పాఠాన్ని మిర్చి యార్డు చూపించి చెప్పవచ్చు. 40 కిలోల టిక్కీకి (మిర్చి బస్తాకు) తాడు కట్టి హమాలీ నేలపై లాగుతుంటే, అతని కండర బలం, తాడులోని తన్యతా బలం (లాగినప్పుడు తాడులో పుట్టే బిగువు), గోనెకూ నేలకూ మధ్య ఘర్షణ బలం తాకితేనే పనిచేసే స్పర్శా బలాలు. అదే టిక్కీని భూమి సుమారు 392 న్యూటన్లతో లాగుతున్నది మాత్రం తాకనవసరం లేని క్షేత్ర బలం. అయస్కాంత, స్థిర విద్యుత్ బలాలదీ అదే తీరు. కిలోల్లో చెప్పేది ద్రవ్యరాశి అనీ, బరువు ఒక బలం కనుక దానిని న్యూటన్లలో చెప్పాలనీ అక్కడే తేల్చవచ్చు (వ్యాపారులు ఒప్పుకోరనుకోండి!).

ఘర్షణను కదలికకు శత్రువుగా మాత్రమే చూపడమూ సరికాదు. అది లేకుంటే హమాలీ కాలు జారుతుందే తప్ప అడుగు ముందుకు పడదు.

స్ప్రింగ్ త్రాసు, దండాయస్కాంతం, ప్లాస్టిక్ దువ్వెన, కాసిని కాగితం ముక్కలు పిల్లల చేతికిచ్చి, నిర్వచనాలను ఆ తర్వాతే రాయించాలని జిల్లా విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు