రెండు సిగ్నళ్ల కాలాన్ని కలిపే సాధనంలోని లోపంపై ఫిర్యాదు

బెంగళూరు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: కొత్త వెర్షన్‌లోని ‘ఆటో అలైన్’ సాధనం మేము ఎంచుకున్న భాగాన్ని పట్టించుకోకపోవడం, దానివల్ల ఫేజ్ (ఒక చుట్టులో రెండు కంపనాల మధ్య ఉండే ముందువెనుకల తేడా) కొలతలు తప్పడం.

ఆర్యా,

పీణ్య పారిశ్రామిక వాడలోని కర్మాగారాలకు పంపులు, మోటార్ల వైబ్రేషన్ పరీక్షలు చేసిపెట్టే మా చిన్న సంస్థ కొన్నేళ్లుగా మీ డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టి వాడుతోంది. మీ ప్రతినిధితో మా సంప్రదింపులన్నీ తెలుగులోనే సాగాయి కనుక ఈ లేఖను కూడా తెలుగులోనే రాస్తున్నాను.

మా పని తీరు ముందుగా చెప్పాలి. మోటారు బేరింగ్ మీద ఒక యాక్సెలరోమీటర్ (కంపనాన్ని కొలిచే సెన్సర్), మోటారును పంపుతో కలిపే కప్లింగ్‌కు అవతల పంపు బేరింగ్ మీద మరొకటి బిగించి, రెండింటినీ వేర్వేరు డేటా లాగర్లలో సుమారు పది నిమిషాలు రికార్డు చేస్తాం. రెండు లాగర్లూ ఒకే క్షణంలో మొదలుకావు కాబట్టి, మోటారు ఆన్ చేయకముందు ఒకసారి, ఆపి పూర్తిగా నిలిచిపోయాక మరొకసారి బేస్‌ఫ్రేమ్ మీద సుత్తితో కొడతాం. ఒకే ఇనుప ఫ్రేమ్ కావడంతో ఆ దెబ్బ రెండు సెన్సర్లకూ దాదాపు ఒకేసారి చేరుతుంది. స్క్రీన్ మీద నిటారుగా లేచే ఆ గీత చుట్టూ కొద్ది భాగాన్ని మాత్రమే ఎంచుకుని, అక్కడే క్రాస్ కోరిలేషన్ (ఒక సిగ్నల్‌ను జరుపుతూ రెండోదానితో ఎంత పోలుతుందో చూసే) లెక్క వేయమని అడిగితే, పాత వెర్షన్ ఆ పని చక్కగా చేసేది.

కొత్త వెర్షన్‌లో ఎంచుకునే వీలు కనిపిస్తోంది గాని, ఎంపికకు విలువ లేదు. సాఫ్ట్‌వేర్ మొత్తం రికార్డింగ్ మీద లెక్క వేసి, ఎక్కడ పోలిక గరిష్ఠంగా ఉంటే అక్కడికి రెండో సిగ్నల్‌ను జరిపేస్తోంది. ఇది ఎంత ప్రమాదమో దయచేసి గమనించండి. నిమిషానికి 1,480 చుట్లు తిరిగే మోటారుకు ఒక చుట్టు పట్టే సమయం సుమారు 40.5 మిల్లీసెకన్లు. ఇలా పదేపదే అదే రూపంలో వచ్చే సిగ్నల్‌లో ప్రతి చుట్టుకూ ఒక కోరిలేషన్ శిఖరం వస్తుంది. వాటి ఎత్తుల్లో తేడా స్వల్పం. అంతకంటే ముఖ్యమైనది, కప్లింగ్ కోణీయంగా తప్పి ఉంటే అక్షం దిశలో రెండు వైపుల వైబ్రేషన్ మధ్య దాదాపు 180 డిగ్రీల ఫేజ్ తేడా రావాలి. మేము కొలవడానికి వెళ్లేది ఆ తేడానే. గరిష్ఠ పోలిక కోసం సిగ్నల్‌ను అర చుట్టు, అంటే సుమారు 20 మిల్లీసెకన్లు జరిపితే, యంత్రంలోని తప్పు కాగితం మీద మాయమైపోతుంది.

సరిగ్గా అదే జరిగింది. కర్మాగారంలోని ఫిట్టర్లు డయల్ గేజి (సూక్ష్మమైన తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి కప్లింగ్ అవుట్, అంటే వరుస తప్పి ఉందని తేల్చిన పంపుకు, మీ సాఫ్ట్‌వేర్ రెండు వైపులా ఒకే ఫేజ్ చూపింది. ఫైలును పెద్దది చేసి చూస్తే, ఒకే దెబ్బకు చెందిన రెండు గీతల మధ్య సుమారు 20 మిల్లీసెకన్ల ఎడం ఉంది. అవే ఫైళ్లను ఆక్టేవ్ అనే గణన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, దెబ్బ ఉన్న భాగం మీద మాత్రమే లెక్క వేస్తే గీతలు కలిశాయి, 180 డిగ్రీలకు దగ్గరగా ఫేజ్ తేడా వచ్చింది. ఫిట్టర్ల మాటే నిజం. వారి గేజి లేకపోతే, ఆ పంపు బాగానే ఉందని మా సంస్థ ముద్రతో నివేదిక వెళ్లి ఉండేది.

మరో లోపం కూడా చూశాం. మోటారు ఇంకా తిరగని మొదటి సెకన్లలో, చివరి సుత్తి దెబ్బ ప్రత్యక్షమైంది. జరిపినప్పుడు ఖాళీ అయిన చోటును సున్నాలతో నింపకుండా, సిగ్నల్ తోకను తెచ్చి తలకు అతికిస్తున్నారని దీన్నిబట్టి అర్థమవుతోంది. ఇక లాగర్ల గడియారాల మధ్య తేడా సంగతి: 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా ఉన్నా పది నిమిషాల్లో అది 12 మిల్లీసెకన్లు, అంటే పావు చుట్టుకు పైమాటే అవుతుంది. మొదటి, చివరి దెబ్బలు రెండింటినీ ఆధారంగా తీసుకుని దాన్ని సరిచేసే సౌకర్యం పాత వెర్షన్‌లో ఉండేది; ఇప్పుడు తీసేశారు.

ఈ వివరాలన్నీ పంపితే, ‘సిగ్నల్‌లో నాయిస్ ఎక్కువగా ఉంది, ఫిల్టర్ వేసి చూడండి’ అని మీ సహాయ విభాగం జవాబిచ్చింది. ఫైళ్లను తెరిచి చూసినవారు ఇచ్చే జవాబు కాదిది. లెక్క కుదరలేదని సాఫ్ట్‌వేర్ చెప్పి ఉంటే మేము వేరే దారి చూసుకునేవాళ్లం. అలా కాకుండా ఎంత జరిపిందో, పోలిక ఎంత బలంగా ఉందో చూపకుండా మూల ఫైలునే మార్చి భద్రపరచడం మాకు తీవ్రమైన బాధ కలిగించింది.

కనుక, ఎంచుకున్న భాగం మీదే లెక్క వేసేలా సాధనాన్ని సరిచేయాలని, జరిపిన కాలాన్ని, కోరిలేషన్ విలువను తెరపై చూపాలని, మూల ఫైలును ముట్టుకోకూడదని, రెండు ఆధారాల పద్ధతిని తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. అంతవరకు పాత వెర్షన్‌ను అదనపు రుసుము లేకుండా వాడుకోవడానికి మాకు లైసెన్సు ఇవ్వండి. ఈ వెర్షన్ వాడుతున్న ఇతరులకు కూడా వెంటనే హెచ్చరిక పంపండి. వారి దగ్గర డయల్ గేజి పట్టుకున్న ఫిట్టర్ ఉండకపోవచ్చు. సంబంధిత ఫైళ్లను, ఆక్టేవ్ లెక్కను ఈ లేఖకు జతచేశాను. పదిహేను రోజుల్లోగా ఇంజినీరింగ్ విభాగం నుంచి లిఖితపూర్వక సమాధానం ఇప్పించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
సాంకేతిక నిర్వాహకుడు,
వైబ్రేషన్ పరీక్షల విభాగం