బిర్లా సైన్స్ సెంటర్ ట్రిప్పు: ఈ నెల నుంచి ఏం మారుస్తున్నాం

నమస్కారం. ఆదివారం ట్రిప్పులో హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు మేం ఇన్నాళ్లూ గంటన్నరే ఇచ్చాం. అది మా తప్పు. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అదే పూట చూపించాలన్న తొందరలో పిల్లలు బటన్లు నొక్కి పరుగెత్తారే గానీ, ఏం జరిగిందో నిలబడి చూడలేదు. ఇకపై సాలార్‌జంగ్ తీసేసి, ఇక్కడే నాలుగు గంటలు ఉంటాం. బస్సు కిరాయి రోజు లెక్క కాబట్టి ధర మాత్రం తగ్గించలేం.

మ్యూజియం, డైనోసారియం (డైనోసార్ల గ్యాలరీ) ముందు, నక్షత్రాల ఆకాశాన్ని చూపించే ప్లానెటేరియం చివర. చల్లటి చీకట్లో కూర్చుని లేచిన చిన్నపిల్లలకు ఇక నడిచే ఓపిక ఉండదు. ప్లానెటేరియం లోపల ఫోన్ తీయొద్దు. పక్క సీట్లో ఒక్క స్క్రీన్ వెలిగినా మసక చుక్కలు కనబడవు.

డైనోసారియంలో తొందరపడకండి. అక్కడ అస్థిపంజరంగా నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ మనదే, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. 1970ల చివర్లో 840 ఎముకల భాగాలు సేకరించారు, 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. ఆ ఎముకలు కనీసం 12 జంతువులవి. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు తప్ప. అందుకే పిల్లల్ని తల దగ్గర ఆపి, "దొరికినదేది, ఊహించి చేసినదేది?" అని అడగండి. ఆ ప్రశ్న దగ్గర పది నిమిషాలు గడిచినా మంచిదే.

ప్రతి పిల్లకీ పిల్లాడికీ దారం, ఒక ఇనప నట్టు ఇస్తాం. లైన్లో నిలబడ్డప్పుడు నట్టును దారానికి కట్టి, వేలికి వేలాడదీసి ఊపించండి: వేలి నుంచి నట్టు మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉంటే, పది ఊగులకు దాదాపు 10 సెకన్లు. దారం మీటరు చేస్తే 20 సెకన్లు. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే! రెండో నట్టు కట్టి చూడండి, మధ్య వరకు పొడవు అంతే ఉంటే సమయం మారదు. లెక్క తప్పేది ఎక్కువగా ఒక్కచోటే: వదలగానే "ఒకటి" అనేస్తారు. అప్పుడు "సున్నా" అనాలి. వెళ్లి తిరిగొచ్చాక ఒకటి. మరీ వెడల్పుగా ఊపినా సమయం కాస్త పెరుగుతుంది.

సెంటర్ నౌబత్ పహాడ్ గుట్ట మీద ఉంది, ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు వస్తుంటే బుకింగ్ అప్పుడే చెప్పండి, కింద నుంచి ఆటో మాట్లాడతాం.